ఇటలీ చెప్పులు

మధ్యాహ్నం రెండు దాటినా ఎస్తర్ ఇంకా టిఫిన్ డబ్బా మూత తీయలేదు. శ్రావణమాసం పెళ్లిళ్ల గిరాకీ. ప్రొద్దుటూరు మైదుకూరు రోడ్డులోని ఆ చెప్పుల షోరూంకు పొద్దున పది నుంచి జనం వస్తూనే ఉన్నారు. అక్కడ పనిచేసే ముగ్గురు ఆడపిల్లలకూ స్టూళ్లు లేవు. కూర్చునేది కొనేవాళ్లు. అమ్మేవాళ్లు నిలబడాలి, లేదంటే కొనేవాళ్ల పాదాల దగ్గర మోకాళ్ల మీద వంగాలి. నెలకు తొమ్మిది వేలు జీతం. పావుగంట ఆలస్యమైతే అందులో వంద కోత.

ఎదురుగా కూర్చున్న పెద్దావిడ పదకొండో జతను తిరగేసి చూసి పక్కన పడేసింది.

"ఇవన్నీ ఈడ చేసినవేనా ఏంది? లోకల్‌వి వద్దుమ్మే. బయట దేశంది ఉంటే చూపియ్యి. మా అల్లునికి పెట్టాల."

ఎస్తర్ లేచి షోరూం నడుమనున్న గాజు అర దగ్గరికి వెళ్లింది. దాని మీద బంగారు రంగు అక్షరాలతో 'ఇటలీ' అని రాసి ఉంది. లోపల చిన్న దీపాల వెలుగులో ఆరు జతల మగవాళ్ల తోలు చెప్పులు. జత మూడు వేల నాలుగు వందలు. బేరం లేదు.

"అసలైన తోలమ్మా. ఇటలీ నుంచి వస్తాయి," అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

పెద్దావిడ చెప్పును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ముఖం విప్పారింది. "అదీ! సరుకంటే ఇట్లుండాల," అంది. ధర మాట ఎత్తలేదు.

ఆ చెప్పులు రాజుపాలెం దగ్గరి పల్లెలో, రేకుల పంచ కింద, ఎస్తర్ తండ్రి పాలయ్య కుట్టినవి.

పాలయ్య ఇంట్లో తాతల నాటి నుంచి తోలు పనే. ముత్తాత కాలంలో ఆ ఇంటివాళ్లు మిషను దొరల దగ్గర బాప్తిస్మం తీసుకున్నారు. దేవుడు మారాడు గానీ ఊరు మారలేదు. తోలు ముట్టుకునేవాళ్లు ఊరికి తోలు ముట్టుకునేవాళ్లే. పాలయ్య వారానికొకసారి జమ్మలమడుగు బస్టాండు బయట గోనెపట్ట పరిచి చెప్పులు పెట్టుకుని కూర్చునేవాడు. జత ఐదు వందలంటే నూటయాభైకి అడిగేవాళ్లు. ఒకాయన తొడుక్కుని నాలుగడుగులు వేసి "బాగుండాయే" అని మెచ్చుకున్నాడు. తర్వాత "మీది ఏ పల్లె? ఎవురోండ్లు మీరు?" అని అడిగాడు. జవాబు విన్నాక చెప్పులు విడిచి, ఎదురంగట్లో చైనా రబ్బరు చెప్పులు ఆరు వందలకు, చెప్పిన ధరకే, కొనుక్కుపోయాడు. ఆ రోజు తండ్రికి అన్నం తెచ్చి పక్కనే నిలబడి ఉన్న ఎస్తర్ అదంతా చూసింది.

ఇంటరు దాకా చదివి షోరూంలో పనికి చేరిన ఏడాదికి, ఆమే ఒక జత తెచ్చి యజమాని మధుసూదన్‌కు చూపించింది. మధుసూదన్ ముప్పై ఏళ్లుగా చెప్పులమ్మిన మనిషి. కుట్టు మీద గోరుతో నొక్కి చూశాడు. చెప్పు కింది అట్టను వంచి చూశాడు.

"పనితనం ఉండాది పాపా. ఈ పేరుతో మాత్రం పోదు," అన్నాడు. "జతకు ఏడునూర్లిస్తా. వారానికి ఎన్నైతే అన్ని. యాడివో, ఎవురివో నోరెత్తకూడదు."

ఏడు వందలంటే బస్టాండు దగ్గర కలలో కూడా రాని ధర. పాలయ్య, భార్య మేరీ కలిసి వారానికి ఎనిమిది జతలు చేసేవాళ్లు. తోలు, దారం, అట్టల ఖర్చు పోను ఇద్దరికీ కలిపి రోజుకు నాలుగు వందలు మిగిలేవి. చెన్నై నుంచి బకిల్సు, బంగారు రంగు స్టిక్కర్లు వచ్చేవి. బకిల్సు పాలయ్య కుట్టేవాడు. స్టిక్కర్లు అంటించే పని ఎస్తర్‌కు పడింది. ఆదివారం చర్చిలో అబద్ధ సాక్ష్యం గురించిన మాట వచ్చినప్పుడల్లా ఆమె నేల చూపులు చూసేది. ఇంటికొచ్చి తండ్రితో అంటే ఆయన నవ్వేవాడు.

"పేరు ఏం చేసుకుంటాం పాపా? కడుపులు నిండుతాండాయి గదా."

పెద్దావిడ పెట్టె చంకన పెట్టుకుని వెళ్లీ వెళ్లకముందే, ఒక చెప్పు చేత్తో పట్టుకుని సురేంద్ర లోపలికి వచ్చాడు. ఆయనది పులివెందుల. లింగాల వైపు పన్నెండెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. రెండు నెలల కింద ఆయన కాళ్లకు ఆ చెప్పులు తొడిగింది ఎస్తరే. ఆ రోజు ఆయన ఆనందంగా అటూ ఇటూ నడిచి, "అదీ తెల్లోండ్ల పనితనం. మనోండ్లకు యాడ వస్తాది?" అన్నాడు. ఆ నోటితోనే, తన చీనీకాయల్ని వ్యాపారులు టన్ను పదమూడు వేలకు అడుగుతున్నారని, అదే పండ్ల అంగట్లో స్టిక్కరేసిన విదేశీ కమలాలు కిలో రెండు వందలన్నా జనం ఎగబడుతున్నారని తిట్టుకున్నాడు.

ఇప్పుడాయన చెప్పును కౌంటరు మీద పెట్టాడు. "చూడప్పా మధుసూదనా! నాలుగు గంటలకు జమ్మలమడుగులో పెండ్లికి పోవాల. కారు దిగుతానే తెగింది."

తెగింది కుట్టు కాదు. చెన్నై బకిల్ విరిగి, దాంతోపాటు పట్టీ ఊడి వచ్చింది. మధుసూదన్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇంపోర్టెడ్ కదా సార్, బెంగళూరుకు పంపాల. పదైదు దినాలు పడతాది."

"పదైదు దినాలు వొట్టి కాళ్లతో తిరగమంటావా?"

సరిగ్గా అప్పుడే షోరూం ముందు తలుపు తోసుకుని భుజాన మూటతో పాలయ్య లోపలికి వచ్చాడు. ఎప్పుడూ వెనక సందులోంచి వచ్చి సరుకు దించిపోయేవాడు. ఆ రోజు సందులో కాలువ తవ్వి మట్టి పోశారు. ముందు వైపు నుంచి రావడం ఆయనకదే మొదటిసారి. చల్లటి నేల మీద కాలు పెట్టడానికి జంకి, గుమ్మం దగ్గరే ఒదిగి నిలబడ్డాడు. కూతుర్ని చూశాడు గానీ పలకరించలేదు. అది వాళ్ల ఒప్పందం.

అంతలో ఆయన కళ్లు కౌంటరు మీది చెప్పు మీద పడ్డాయి. చేతివృత్తి మనిషి, తెగిన తన పనిని చూసి ఆగలేకపోయాడు. రెండడుగులు ముందుకేశాడు.

"తేప్పా, ఐదు నిమిషాల్లో కుట్టి ఇస్తా. సామానంతా మూటలోనే ఉండాది."

సురేంద్ర చెప్పును గబుక్కున వెనక్కి లాక్కున్నాడు. పాలయ్యను తల నుంచి కాళ్ల దాకా చూశాడు.

"ఏయ్, ముట్టుకోవాకు! ఇదేమన్నా నీ గోనెపట్ట మీద చెప్పనుకున్నావా? ఇటలీది. నీ చెయ్యి పెడితే చెడిపోతాది."

పాలయ్య చెయ్యి గాలిలోనే ఆగింది. "అట్లే లేప్పా," అని వెనక్కి తీసుకుని పంచె అంచుకు తుడుచుకున్నాడు, అంటకూడనిదేదో అంటినట్టు.

ఆ తుడుచుకోవడం చూసింది ఎస్తర్. పొద్దున నుంచి మోకాళ్ల మీద వంగినప్పుడు లేని నొప్పి అప్పుడు కలిగింది. చేతిలో ఉన్న పెట్టె కింద పెట్టింది.

"ఆ చెయ్యే చేసింది సార్ దాన్ని," అంది.

రెండో వరసలో అమ్ముతున్న ఆర్షియా, ఎస్తర్ స్నేహితురాలు, చేతిలో చెప్పు అట్లాగే పట్టుకుని తిరిగి చూసింది.

"ఏందీ?" అన్నాడు సురేంద్ర.

"మా నాయన ఈయప్ప. పాలయ్య. మాది రాజుపాలెం కాడ. ఆ అరలో ఉండేవన్నీ మా నాయన కుట్టినవే. ఇటలీ అని స్టిక్కరేసింది నేనే. మీకు అబద్ధం చెప్పింది గూడా నేనే."

మధుసూదన్ నవ్వబోయాడు. "పొద్దున్నుంచి తిండి లేదు సార్, ఏందేందో మాట్లాడుతాంది. ఎస్తర్, లోపలికి పో!"

ఆమె కదల్లేదు. సురేంద్ర ఆమెను, పాలయ్యను మార్చి మార్చి చూశాడు. "నువ్వు చేసినావా? నువ్వు?"

కాదంటే వారానికి ఎనిమిది జతలు నిలబడతాయి, కూతురి జీతం నిలబడుతుంది. ఆ లెక్క పాలయ్యకు క్షణంలో తెలిసింది. కూతురు తనకోసం ఇంతమందిలో ఒంటరిగా నిలబడి ఉండటమూ తెలిసింది. మూట కిందికి దించాడు.

"నేనే చేసినానప్పా. నమ్మకుంటే మడమ కాడ కోసి చూడు. రెండు తోలు అట్టల నడుమ ఎర్ర రబ్బరుంటాది. పాత ట్రాక్టరు ట్యూబుది. నడిచేటప్పుడు మెత్తగుండాలని ఏస్తా. ఇటలీలో ఎట్ల చేస్తారో నాకు తెల్దు."

సురేంద్ర చెప్పు ముందుకు చాపాడు. పాలయ్య నేల మీద కూర్చుని మూటలోంచి కత్తి తీసి, మడమ దగ్గర కుట్టును మూడు వేళ్ల మేర విప్పి, అట్టను వేలితో ఎడం చేశాడు. లోపల ఎర్ర రబ్బరు కనిపించింది.

మధుసూదన్ సొరుగు తెరిచి, మూడు వేల నాలుగు వందలు సురేంద్ర చేతిలో పెట్టి, "పొరపాటైపోయింది సార్, చెప్పులు చేసినోనికే వాపసిస్తా, ఈ మాట బయటికి రానీయొద్దండి," అన్నాడు తగ్గు గొంతుతో. సురేంద్ర జేబులో పెట్టుకున్నాడు. ఆయనది ఎవరి మీదో తేల్చుకోలేని కోపం. మోసం చేసింది అంగడివాడు. కానీ చిన్నతనంగా అనిపిస్తోంది కింద కూర్చున్న మనిషిని చూస్తే.

పాలయ్య అవేవీ పట్టించుకోకుండా పని మొదలుపెట్టాడు. మైనం పూసిన దారంతో మడమ మళ్లీ కుట్టాడు. విరిగిన బకిల్ పీకేసి, మూటలోంచి గట్టి ఇత్తడి ఉంగరం తీసి పట్టీకి వేశాడు. పది నిమిషాలు పట్టింది. చెప్పు సురేంద్ర ముందు పెట్టాడు. సురేంద్ర కాలు పెట్టి, రెండో కాలి చెప్పుతో కలిపి నాలుగడుగులు వేశాడు. మునుపటికంటే బిగువుగా, హాయిగా ఉంది. ఆ సంగతి ఆయన ముఖంలో దాగలేదు.

"సరే, ఈ అంగడాయనకు ఎంతకిచ్చినావు?" అన్నాడు.

"ఏడునూర్లకు."

"రెండు నెల్లు తొడిగినవి, లోకల్‌వే గదా. ఐదునూర్లిస్తా, పెట్టుకో." నోటు తీశాడు.

పాలయ్య నోటును చూశాడు, తీసుకోలేదు.

"పొద్దున దాకా ఇవి మూడువేల నాలుగునూర్ల చెప్పులప్పా. తోలు అదే. కుట్టు అదే. నీ కాలూ అదే. నా పేరు వింటానే ఐదునూర్లకు దిగిందా?"

"ఏంది, బేరం గూడా ఆడకూడదా?"

"మీ చీనీకాయల్ని గూడా ఇట్లనే అడుగుతాండారని ఆ పొద్దు మీరే చెప్తిరి సార్," అంది ఎస్తర్. "లింగాలవి అంటానే రేటు దించుతారని. ఆ పొద్దు మీకెట్లుండిందో, మా నాయనకు ఈ పొద్దు అట్ల ఉండాది."

"నువ్వా నాకు చెప్పేది?" అన్నాడు సురేంద్ర గానీ గొంతులో మొదటి బిగువు లేదు. పాలయ్య చెయ్యి చాపి, "ఇయ్యి అప్పా. నేనమ్మను," అన్నాడు.

జీవితంలో ఆయన ఆ మాట ఒక కొనేమనిషితో అనడం అదే మొదలు. సురేంద్ర చెప్పులు విడిచాడు. ఆర్షియా తెచ్చిన వియత్నాం చెప్పులు రెండు వేల తొమ్మిది వందలు పోసి తొడుక్కుని, వెనక్కి తిరగకుండా కారెక్కాడు.

తలుపు మూసుకున్నాక మధుసూదన్ కేకలేస్తాడనుకున్నారు అందరూ. ఆయన కేకలేయలేదు. కుర్చీలో కూలబడి ముఖం తుడుచుకున్నాడు.

"పాలయ్యా, జరిగిందేదో జరిగిపాయ. జతకు ఎనిమిదినూర్లు చేస్తా. పాప పని పాపది. గమ్మునుండండి, అంతే."

"నా పేరు పెట్టి అమ్మితే ఇస్తా సార్."

"నీ పేరు పెడితే నాలుగునూర్లు గూడా రావు! నేనేమన్నా చెడ్డోణ్ణా? జనం అట్ల ఉండారు. ఈ ఊర్లో చేసింది వాళ్ల కంటికి ఆనదు. ఎవురు చేసినారో తెలిస్తే అసలే ఆనదు. ఫారిన్‌దైతే చేసినోని మొగం కనపడదు, అందుకే ముద్దు."

ఆ మాటలో నిజముందని పాలయ్యకు తెలుసు. యాభై ఏళ్లు ఆ నిజంలోనే బతికాడు. అయినా తల అడ్డంగా ఊపాడు.

"జనం అట్లుండారని నువ్వంటావు, నేనంటా. ఇద్దరం వాళ్లను అడగకుండానే స్టిక్కరేసినాం. ఒకసారి అడిగి సూస్తాంలే."

మూట ఎత్తుకున్నాడు. ఎస్తర్ మెడలోని షోరూం గుర్తింపు కార్డు తీసి కౌంటరు మీద పెట్టింది. మధుసూదన్ ఆ నెల జీతం సంగతి ఎత్తలేదు. ఆమె గుమ్మం దాటాక ఆర్షియా పరిగెత్తుకొచ్చి, సంచీ, తినని టిఫిన్ డబ్బా అందించింది. "నేను రాలేనే," అంది కళ్లు దించుకుని. "ఇంట్లో నాదొక్కదాని జీతమే." ఎస్తర్ ఆమె చెయ్యి నొక్కి వదిలింది.

షోరూం నుంచి నాలుగంగళ్ల అవతల, ఒక మూసిన అంగడి మెట్ల ముందు నీడ ఉంది. పాలయ్య గోనెపట్ట పరిచాడు. మూటలోని ఎనిమిది జతలు వరసగా పెట్టాడు. ఎస్తర్ ఒక అట్టపెట్టె మూత చించి పెన్నుతో పెద్ద అక్షరాలు రాసింది: 'రాజుపాలెం పాలయ్య, మేరీ చేసిన తోలు చెప్పులు. జత 1,100.'

"మీయమ్మ పేరు ఏంటికి?" అన్నాడు పాలయ్య.

"అంచులు నునుపు చేసేది ఎవురు? పట్టీలు కోసేది ఎవురు?"

ఆయన ఆ అట్టను తీసుకుని చెప్పుల ముందు నిలబెట్టాడు. "సరేలే. ఉండనీ," అన్నాడు. "పదకొండునూర్లు ఎట్ల ఏసినావు?"

"తోలూ సామానూ నాలుగునూర్లు. నీకూ అమ్మకూ చెరి మూడున్నరనూర్లు కూలి. ఇటుకలు మోసే బేల్దారి పనికి పోతే అంతకంటే ఎక్కువే ఇస్తారు."

తమ కూలికి కూడా ఒక ధర ఉంటుందని పాలయ్య ఎప్పుడూ చెప్పులో కలిపి చూడలేదు. జతల్ని మరోసారి సర్ది కూర్చున్నాడు.

మొదట వచ్చినాయన నిలబడి అట్ట చదివి, "పదకొండునూర్లా? దీనికా? మూడునూర్లకిస్తావా?" అని నవ్వుతూ పోయాడు. కాలేజీ పిల్లలిద్దరు ఫోన్లో ఫోటో తీసుకుని పోయారు. ఒకామె "ఏ కంపెనీది?" అని అడిగింది. "ఈయప్పే కంపెనీ," అంది ఎస్తర్. ఆమె దగ్గరికొచ్చి, కుట్టు చూసి, చెప్పు వంచి, చివరికి "ఏడునూర్లిస్తా. ఇప్పుడే దుడ్లు చేతిలో పెడతా," అంది.

ఏడు వందలు. మధుసూదన్ ఇచ్చిన ధర. సాయంత్రం ఐదయింది. ఒక్క జతా పోలేదు. రేపటి నుంచి తనకు పని లేదు. ఎస్తర్ "సరే" అనడానికి నోరు తెరిచింది.

"పదకొండునూర్లమ్మా," అన్నాడు పాలయ్య. అరవలేదు, బతిమాలలేదు. బస్సు టికెట్టు ధర చెప్పినంత మామూలుగా చెప్పాడు.

ఆమె చెప్పు కింద పెట్టి పోయింది. ఎస్తర్ తండ్రి వైపు చూసింది. సిగ్గుపడింది. ఆ వెంటనే ఆకలి తెలిసింది. డబ్బా తెరిచి ఇద్దరికీ సగం సగం పెట్టింది.

వాళ్లు తింటూ ఉండగా ఒక గొర్రెల కాపరి వచ్చి నిలబడ్డాడు. పేరు మునెయ్య. గొర్రెల మందు కొనుక్కోవడానికి ప్రొద్దుటూరు వచ్చిన మనిషి. అట్ట మీద రాసింది ఆయన చదవలేదు, చెప్పుల్నే చదివాడు. ఒకటి ఎత్తి మడమ మీద బొటనవేలితో నొక్కాడు.

"కంప ముల్లు దిగదా?"

"తొడుక్కుని చూడు మామా," అన్నాడు పాలయ్య. "దిగితే నా ఎదురుగా దిగనీ."

మునెయ్య అరిగిన రబ్బరు చెప్పులు విడిచి వాటిని తొడుక్కున్నాడు. గొంతుక్కూర్చుని లేచాడు. రోడ్డు పక్కన కంకర కుప్ప మీదికెక్కి దిగాడు.

"ఎన్నాళ్లుంటాయి?"

"రెండేండ్లు. నడుమ తెగితే రాజుపాలెం రా. పాలయ్య ఇల్లు యాదంటే చూపిస్తారు. నేనే కుట్టి ఇస్తా, దుడ్లొద్దు. జత పదకొండునూర్లు."

"పదకొండునూర్లంటాండావు. నా రబ్బరు చెప్పులు నూటయాభై. మూడు నెల్లకొక జత మారుస్తా." మునెయ్య వేళ్ల మీద ఏదో లెక్కేసుకున్నాడు. అది తేలలేదు. "తగ్గేదేమన్నా ఉందా?"

"లేదు మామా."

"శానా గట్టిగా చెప్తాండావే!"

"చెప్పు గట్టిది. అందుకే."

మునెయ్య నవ్వలేదు. పులివెందుల బస్సు వచ్చే టైము అయిందని రోడ్డు వైపు చూశాడు. గోనెపట్ట పక్కనున్న తన పాత చెప్పుల వైపు చూశాడు. తర్వాత గొర్రెల మందు సంచీ అక్కడే పెట్టి, ఆ కొత్త చెప్పులు విడవకుండానే, మరో నాలుగడుగులు చూద్దామన్నట్టు, రోడ్డు వెంట నడవడం మొదలుపెట్టాడు. తోలు కిర్రుమంటోంది. పోయేవాళ్లు ఆ చప్పుడుకు ఆయన కాళ్ల వైపు చూస్తున్నారు.

ఎస్తర్ అన్నం ముద్ద చేతిలోనే పట్టుకుని ఆయన వీపు వైపు చూస్తూ ఉండిపోయింది. పాలయ్య చెయ్యి కడుక్కుని, మూటలోంచి కుట్టని పట్టీ ఒకటి తీసి, సూదిలో దారం ఎక్కించాడు. ఆ మనిషి వెనక్కి తిరిగాడో లేదో అని తలెత్తి చూడలేదు.